బీరువా వెనక తలుపు

నవంబరు 18

మిరియానికి,

అమ్మమ్మ కళ్లజోడు తుడుచుకుని రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. చెవులు మాత్రం పూర్తిగా రాజీనామా ఇచ్చేశాయి. మొన్న నువ్వు ఫోను చేస్తే కింద కాగితాల కొట్టు అబ్బాయి పరిగెత్తుకొచ్చి నా చెవికి ఆనించాడు. రేకుల మీద వాన పడుతున్నట్టు వినిపించింది తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. కాబట్టి ఇకనుంచి మన మాటలన్నీ ఉత్తరాల్లోనే. నీ ఉత్తరం ముట్టింది. తారీఖు వేయలేదు. తారీఖు లేని ఉత్తరం గడియారం లేని స్టేషను లాంటిది. వెయ్యి.

బీరువా లారీకి ఎక్కించాను. ఈ ఒంటిగదిలోకి మారాక అది ఇక్కడ పట్టదు. మా అమ్మది, తరవాత నాది, మీ అమ్మ బతికుంటే దానిదయ్యేది, ఇప్పుడు నీది. ముందుభాగమంతా టేకు. టేకు చాలక వడ్రంగి వెనకవైపు మామూలు చెక్క వేశాడు. కింది అర పెద్దది, దుప్పట్లు పరుపులు అన్నీ పడతాయి. ఆ అర వెనకవైపు ఎడమపక్క పలక ఒకటి వదులుగా ఉంటుంది, కంగారుపడకు. చిన్నప్పుడు దాగుడుమూతలాడుతూ నేను అందులో దాక్కుంటే మా అన్న బయట గొళ్లెం పెట్టి, ఆ సంగతి మరిచిపోయి అన్నానికి వెళ్లిపోయాడు. నేను తన్ని తన్ని ఆ పలక ఊడగొట్టుకుని బయటికొచ్చాను. మా నాన్న నాకు రెండు దెబ్బలు వేసి, మిగతా పలకలన్నిటికీ రెట్టింపు మేకులు కొట్టించి, ఊడినదాన్ని మాత్రం ఊరికే ఆనించి వదిలేశాడు. "ఇది మళ్లీ ఇరుక్కుంటుందిలే" అన్నాడట అమ్మతో.

దాన్ని అమ్మవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు.

మరొక మాట. కిందటి ఉత్తరంలో పేజీడు సంజాయిషీ రాశావు. ఎర్ర సిరాతో కొట్టేసి ఇదే కవర్లో తిరిగి పంపుతున్నాను. బడిలో పిల్లలకు చెప్పిందే నీకూ చెప్పి పెంచాను. పని జరిగిందా లేదా చెప్పు. ఎందుకు జరగలేదో చెప్పకు. కారణాలు మొదలుపెట్టిన పిల్ల ఇక పని మొదలుపెట్టదు.

నీ కూతురు బొంగరానికి ముద్దులు. దానికి మూడేళ్లొచ్చాయి కాబట్టి పలకా బలపం కొను. వంతెన పని దగ్గర తడిచోట్ల చూసి నడవమని మీ ఆయనకు చెప్పు.

అమ్మమ్మ

—

నవంబరు 27

అమ్మమ్మా, నమస్కారం. తారీఖు వేశాను, చూసుకో.

బీరువా వచ్చింది. నలుగురు కూలీలు మూడో అంతస్తు దాకా మోసుకొచ్చారు. వాళ్లు మెట్టుమెట్టుకీ దాన్ని చేయించినవాళ్లను తలుచుకున్నారు, ఏమని తలుచుకున్నారో రాయను. పడకగది గుమ్మంలో పట్టలేదు. ముందుగదిలో పెడితే వీధితలుపు తెరుచుకోలేదు. చివరికి వంటగదిలో వెనక తలుపుకి అడ్డంగా నిలబెట్టి, "ఇక ఇది కదలదమ్మా" అని చెమటలు తుడుచుకుని వెళ్లిపోయారు. తరవాత నేనొక్కదాన్నీ నెట్టి చూశాను. నిజంగానే కదలదు.

ఆదివారం ఈయన వంతెన దగ్గర నుంచి వచ్చి వెళ్లారు. దాన్ని చూసి, "మీ అమ్మమ్మే వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డట్టుంది" అన్నారు. మళ్లీ సెలవులకే వస్తారట.

చలి బాగా ముదిరింది. గోడకున్న హీటరు చెడిపోయింది. ఓనరుగారికి చెబితే సెలవులయ్యాక చూద్దాం, అప్పటిదాకా చిన్నదేదైనా కొనుక్కోండి అన్నారు. సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొన్నాను. తీగ కొద్దిగా అతుకులది, కానీ వేడి బాగానే ఇస్తుంది. బొంగరం దాని ముందు నుంచి లేవదు. కింద ఇస్త్రీ బాబాయికి ఊపిరాడటం లేదు. ఊళ్లకు ప్రయాణమయ్యేవాళ్లంతా బట్టలు తెచ్చి పడేస్తున్నారు, కొట్లో చోటు లేక మూటలన్నీ మెట్ల మీదే పెడుతున్నాడు. ఆ ఆవిరికి మెట్ల మీది పొగ అలారం ఊరికే కూస్తోందని రెండో అంతస్తువాళ్లు దానికి ప్లాస్టిక్ సంచి కట్టేశారు. మా ఇంట్లోదానికి నేనూ కట్టాను. పోపు పెడితే చాలు గోల చేస్తోంది, పిల్ల ఉలిక్కిపడి లేస్తోంది.

అమ్మమ్మా, బీరువా వెనక్కి పంపించేద్దామనుకుంటున్నాను. లేకపోతే అమ్మేద్దాం. కారణాలు రాయవద్దన్నావు కాబట్టి రాయడం లేదు.

నీ మిరియం

—

డిసెంబరు 4

మిరియానికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కూడా అలాగే ఉంది.

చేతులు కట్టుకుని నిలబడటం నాకు అలవాటే. దానికి నేనేమీ చిన్నబుచ్చుకోను. కానీ మీ ఆయన నవ్విన మరునాడే బీరువా అమ్మేద్దామని నీకు తోచిందంటే, ఎవరి నవ్వుకు ఎంత విలువిస్తున్నావో తెలుస్తూనే ఉంది. వెనక తలుపు దగ్గర పెట్టారా, మంచిదే. గాలి రాకుండా అడ్డుగా ఉంటుంది. అక్కడే ఉండనీ. అమ్ముతాననే మాట ఇంకొకసారి రాసే పనైతే నాకు ఉత్తరం రాయనక్కర్లేదు.

ఇక ఆ హీటరు సంగతి. అతుకుల తీగ ఉన్నది ఇంట్లో పెట్టుకోకూడదని నీకు తెలియదా? వెంటనే మార్చు. మార్చేదాకా దాన్ని పరదాలకూ పరుపుకూ దూరంగా, బొంగరానికి అందనంత దూరంగా పెట్టు. దాని మీద తడిబట్టలు ఆరేయకు. ఎక్స్‌టెన్షన్ పెట్టెలో గుచ్చకు, గోడ ప్లగ్గులోనే పెట్టు. గది దాటితే ఆపెయ్యి. పడుకునేటప్పుడు ఆపెయ్యి. చలేస్తే ఇద్దరూ ఒకే దుప్పట్లో పడుకోండి, ఎవరూ అరిగిపోరు.

అలారానికి కట్టిన సంచి ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యేలోపు విప్పాలి. అరిస్తే అరవనీ. నేనూ అరిచేదాన్ని, నువ్వు పెరగలేదూ? ఇస్త్రీ ఆయనకు మర్యాదగా చెప్పి మెట్ల మీద మూటలు తీయించు. మెట్లు మనుషులు దిగడానికి.

మా బడిలో ఏడాదికోసారి గంట కొట్టి పిల్లలందరినీ బయటికి నడిపించేదాన్ని. పక్క బడివాళ్లు నవ్వేవారు. మనుషులున్న ప్రతి చోటుకీ రెండు దారులుండాలి. మీ ఇంటికి రెండో దారి ఎక్కడుందో నాకు రాయి. దాన్ని ఖాళీగా ఉంచు. పిల్లను చంకనేసుకుని ఒకసారి దిగి చూడు.

చెప్పినవి చేసి, చేశానని రాయి.

అమ్మమ్మ

—

డిసెంబరు 11

అమ్మమ్మా,

సంచి విప్పాను. హీటరు గోడ ప్లగ్గులోనే పెట్టాను. పరదా కత్తిరించేశాను. మూటలు తీయమని ఇస్త్రీ బాబాయిని అడిగాను. "ఇవి నా నెత్తిన పెట్టుకోనా తల్లీ, ఇంకెక్కడ పెట్టను" అని, నిజంగానే ఒక మూట నెత్తిన పెట్టుకుని చూపించి బొంగరాన్ని నవ్వించాడు. సెలవులు మొదలైతే అన్నీ ఖాళీ అవుతాయన్నాడు.

రెండో దారి ఎక్కడుందో రాయమన్నావు. రాస్తున్నాను. అది బీరువా వెనక ఉంది.

వంటగది వెనక తలుపు తీస్తే ఇనప మెట్లు. నేల దాకా అవే దిగుతాయి. మూడో అంతస్తులో ఉన్న మాకు మూటలున్న మెట్లు కాకుండా ఇంకో దారి అదొక్కటే. ఇది కారణం అని నాకు తెలుసు. ఎర్ర సిరాతో కొట్టేసినా సరే, ముందు చదువు.

ఈయన నీ మీద నవ్వలేదు. నిన్ను చూస్తే ఎంత భయమో ఆ బీరువాను చూసినా అంతే భయం, దాని ముందు నుంచి వెళ్లేటప్పుడల్లా సెల్యూట్ కొట్టేవారు. సెలవులు రద్దు చేశారట, ఇప్పట్లో రారు. కూలీలంతా ఊళ్లకు వెళ్లిపోతున్నారు. ఇస్త్రీ బాబాయి మాత్రం ఒక పూట కొట్టు ఆపి ఇద్దరిని పట్టుకొస్తానన్నాడు, నేను ఊ అంటే చాలు. నువ్వు కదిలించవద్దన్నావు. అమ్మే మాట ఎత్తితే ఉత్తరం రాయనక్కర్లేదన్నావు. అమ్మమ్మా, నాకు ఉత్తరం రాసేది నువ్వొక్కదానివే.

నిన్న హీటరు ప్లగ్గు నల్లబడింది. ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఎలక్ట్రీషియన్ సెలవులయ్యాక వస్తాడట. ఓనరుగారి ఫోను మోగుతుంది కానీ ఎత్తరు. ఆ ప్లగ్గు వాడటం మానేశాను. నా ఫోను కింద ఇస్త్రీ కొట్లో చార్జింగ్ పెడుతున్నాను, పొద్దస్తమానం అక్కడే ఉంటోంది, ఆ హడావిడిలో మోగినా ఎవరికీ వినపడదు. ఇంట్లో పొయ్యి వెలిగించినా భయమే, వెలిగించకపోతే పిల్ల వణుకుతుంది. ఎక్కడ కూర్చున్నా నా కళ్లు బీరువా మీదే ఉంటున్నాయి. కింద ఎవరైనా అగ్గిపుల్ల గీసిన చప్పుడు కూడా నాకు వినిపిస్తున్నట్టుంది.

సరే అని ఒక్క మాట రాయి. ఆ రోజే తీయించేస్తాను. తొందరగా రాయి.

మిరియం

—

డిసెంబరు 14

మిరియానికి,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. అలిగావన్నమాట. అలగడం కూడా నా దగ్గరే నేర్చుకున్నావు, తప్పుపట్టను.

బీరువా నీకు బరువనిపిస్తే చలి తగ్గాక మనిషిని పంపి తెప్పించుకుంటాను. అప్పటిదాకా ఉన్నచోటే ఉండాలి. కదిలించవద్దు. ఈ సంగతి మీద ఇక ఏమీ రాయవద్దు.

అమ్మమ్మ

—

డిసెంబరు 18

అమ్మమ్మా,

నీ జవాబు అందింది. సరే. బీరువా ఉన్నచోటే ఉంటుంది.

ఇస్త్రీ బాబాయికి వద్దని చెప్పేశాను. రెండో అంతస్తువాళ్లు కిటికీనిండా రంగుదీపాల దండలు కట్టి, వాటిని ఆర్పకుండానే ఊరెళ్లిపోయారు. వీధిలోంచి చూస్తే అందంగా ఉంది. బొంగరం రోజూ కిందికి తీసుకెళ్లి చూపించమంటోంది.

మేం బాగానే ఉన్నాం.

మిరియం

—

డిసెంబరు 18

మిరియం, తల్లీ,

పదకొండున రాసిన నీ ఉత్తరం ఇప్పుడే ముట్టింది. సెలవుల రద్దీలో తపాలా సంచిలో ఇన్నాళ్లు పడుంది. ఈ మధ్యలో నేను రాసిన ఉత్తరం దీనికి జవాబు కాదు. అది ఇది చేరకముందు రాసింది. దాన్ని చించెయ్యి. అందులో ఒక్క మాట కూడా లెక్కలోకి తీసుకోవద్దు.

బీరువా తీయించు. ఇవాళే తీయించు. అమ్ము, ఎవరికైనా ఇచ్చెయ్యి, రోడ్డు మీద పారేయించు. కూలీలు దొరక్కపోతే గొడ్డలితో కొట్టించు. అదీ కుదరకపోతే కింది అర ఖాళీ చేసి, ఎడమ పక్క పలక తన్ని ఊడగొట్టు, చెయ్యి దూర్చి తలుపు గొళ్లెం తీసి పెట్టుకో. లేకపోతే పిల్లను తీసుకుని బస్సెక్కి ఇక్కడికి వచ్చెయ్యి. ఒంటిగదైతే ఏం, ముగ్గురం పడుకోవచ్చు.

కొట్టు అబ్బాయి చేత నీకు ఫోను చేయించాను. మోగింది, ఎవరూ ఎత్తలేదట. మళ్లీ చేయిస్తాను. ఎత్తేదాకా చేయిస్తాను.

అమ్మమ్మ

—

డిసెంబరు 22, స్టేషను

మిరియం,

ఈ ఉత్తరం ఏ చిరునామాకు పంపాలో తెలియడం లేదు. కాబట్టి ఆ చిరునామాకే రాస్తున్నాను.

పొద్దున్న కొట్టు అబ్బాయి పేపరు తెచ్చి, మడత విప్పకుండా చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఏమిట్రా అంటే పెదాలు కదిలాయి, నాకేమీ వినపడలేదు. లాక్కుని చదివాను. మీ వీధి పేరు ఉంది. మూడంతస్తుల అద్దె ఇల్లు అని ఉంది. ఇస్త్రీ కొట్టు అని ఉంది. ఎవరు బయటపడ్డారో, ఎవరు పడలేదో లేదు. వార్త రాసినవాడికి అంతకంటే చోటు దొరకలేదు. ఆ పక్కనే దుప్పట్ల ప్రకటన పేజీలో సగం ఉంది.

దాని వెనకే తపాలా వచ్చింది. నీ ఉత్తరం. బీరువా ఉన్నచోటే ఉంటుంది, మేం బాగానే ఉన్నాం అని.

వెంటనే స్టేషనుకు వచ్చాను. టికెట్టు లేదు. ఊళ్లకు వెళ్లేవాళ్లతో నిలబడటానికి చోటు లేదు. అందరి చేతుల్లోనూ బొమ్మలు, మిఠాయి పెట్టెలు. కౌంటరులో అమ్మాయి ఏదో చెబుతోంది, నాకు వినపడదు, కాగితం మీద రాసివ్వమన్నాను. రేపటికీ ఎల్లుండికీ లేవని రాసింది. నేను దాని కిందే మా మనవరాలి ఇల్లు కాలిపోయిందని రాసిచ్చాను. కారణం రాశాను చూశావా. ఆ పిల్ల లేచి వచ్చి నన్ను ఈ బల్ల మీద కూర్చోబెట్టింది. సాయంత్రం బండిలో ఎలాగైనా ఎక్కిస్తానంటోంది.

నువ్వు ఉన్నావా? పిల్ల ఉందా? ఉన్నామని ఒక్క ముక్క రాయి. తారీఖు వేయనక్కర్లేదు. అక్షరదోషాలతో రాసినా సరే. ఎవరి చేతైనా రాయించినా సరే.

ఆ వదులు పలక గుర్తుందా నీకు? నేను మొదటి ఉత్తరంలోనే రాశాను. చదివే ఉంటావు. నా ఉత్తరాలు నువ్వు పూర్తిగా చదువుతావు, నాకు తెలుసు. నేను నీవి

కొట్టు అబ్బాయి వస్తున్నాడు. జనాన్ని తోసుకుంటూ, ఫోను పైకెత్తి చూపిస్తూ వస్తున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఇక్కణ్ణుంచి తెలియడం లేదు.

—

డిసెంబరు 29

అమ్మమ్మా,

ఈయన కొట్టు అబ్బాయికి ఫోను చేసి చెప్పిన మాటే నిజం. ఇద్దరం ఉన్నాం. చెయ్యి కట్టు విప్పారు, అందుకే ఇన్నాళ్లకు రాయగలుగుతున్నాను. నువ్వు రాకుండా ఉండాలని నేనే చెప్పించాను. ఇక్కడ ఆసుపత్రిలో కూర్చోవడానికి బల్ల కూడా లేదు.

ఏం జరిగిందో రాయమన్నావట. రాస్తాను. ఇది అంతా కారణాలే.

మధ్యాహ్నం బొంగరానికి అన్నం కలుపుతున్నాను. మా ఇంట్లో అలారం కూసింది. పొయ్యి మీద ఏమీ లేదు. నువ్వు సంచి విప్పించకపోతే మరో రెండు ముద్దలు కలిపేదాన్ని. వీధితలుపు తీస్తే మెట్ల నిండా నల్లటి పొగ. రెండో అంతస్తు దీపాల దండ అంటుకుని, మంట మెట్ల మీదికి పాకి బట్టల మూటల్ని పట్టుకుందట. తలుపు మూసి, సందులో తడిగుడ్డలు కుక్కాను. ఇక బీరువా ఒక్కటే మిగిలింది. నెట్టాను. తలతో కూడా నెట్టాను. మీ అమ్మ బీరువా అమ్మమ్మా, నీ లాగే నిలబడింది.

అప్పుడు గుర్తొచ్చావు. పెద్దదానివి కాదు, లోపల ఇరుక్కుని తంతున్న చిన్నపిల్లవి. కింది అరలో దుప్పట్లు లాగేసి దూరాను. ఎడమ పక్క. రెండు తన్నులకే పలక ఊడింది. మీ నాన్న నీకోసం వదిలిపెట్టిన పలక. చెయ్యి దూర్చి గొళ్లెం వెతికి లాగాను, తలుపు బయటికి తెరుచుకుంది. ఇస్త్రీ బాబాయి అప్పటికే ఇనప మెట్లెక్కి వచ్చి తలుపు బాదుతున్నాడు. ఆ పలక సందులోంచి బొంగరాన్ని తోశాను. అది పట్టింది. నేను పట్టలేదు. మిగతా పలకలకు రెట్టింపు మేకులు.

పిల్లను తీసుకుని వెళ్లిపో బాబాయ్ అన్నాను. వెళ్లిపోయాడు. దాని ఏడుపు ఒక్కో మెట్టూ దిగుతూ వినిపించింది. అది నేల చేరిందనుకున్నాక నాకు ఇక భయం వేయలేదు. అదే ఇప్పుడు తలుచుకుంటే భయంగా ఉంది.

అతను మళ్లీ వచ్చాడు. చేతిలో పాతకాలం బొగ్గుల ఇస్త్రీపెట్టె. దాంతో ఆ పలకలు బాదుతూ, ప్రతి దెబ్బకీ ఆ బీరువా చేసినవాణ్ణి తిట్టాడు. "ఎవడమ్మా వీడు, ఇన్ని మేకులు ఊరికే వచ్చాయా వీడికి" అన్నాడు. ఆ పొగలో నేను నవ్వానట, చెబుతున్నాడు.

అతను పక్క వార్డులోనే ఉన్నాడు. రెండు చేతులూ కాలాయి. తన చేతుల కోసం ఏడవడం లేదు. మెట్ల మీద పెట్టకుండా ఉండాల్సింది తల్లీ, నువ్వు చెప్పావు కదా అని ఏడుస్తున్నాడు. ఓనరుగారు నిన్న వచ్చారు. మొదటి మాటే, వెనక దారికి అడ్డం పెట్టుకున్నది మీరే కదా అన్నారు.

నీ తరవాతి ఉత్తరం కింద పెట్టెలో కాలిపోయి ఉంటుంది. అందులో ఏముందో నాకు తెలియదు. బీరువా పోయింది. ఇంట్లో ఏమీ మిగల్లేదు. ఈయనకు మళ్లీ పనిలోకి రమ్మని కబురొచ్చింది. ఎక్కడికి వెళ్లాలో తెలియడం లేదు. బొంగరం తలుపు మూయనివ్వడం లేదు. ఏ తలుపు మూసినా ఒళ్లంతా బిగుసుకుపోయి అరుస్తుంది. వార్డులో అందరూ విసుక్కుంటున్నారు. ఈ చలిలో తలుపు తీసిపెట్టి ఎవరు ఉండనిస్తారు అమ్మమ్మా మమ్మల్ని?

మిరియం

—

జనవరి 3

మిరియం,

ఉత్తరం ముట్టింది. ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.

కాలిపోయిన ఉత్తరంలో బీరువా పగలగొట్టమని రాశాను. నీ ఉత్తరం నాకు చేరిన పూటే రాశాను. నువ్వు జవాబనుకున్నది జవాబు కాదు. ఇది ఎన్నిసార్లయినా చెబుతాను, నువ్వు అడగకపోయినా చెబుతాను.

ఓనరుగారన్నది నిజమే. అడ్డం పెట్టింది నేను. మెట్ల మీది అలారానికి సంచి కట్టి ఉంటే చూసి ఊరుకున్నది, నల్లబడ్డ ప్లగ్గు సంగతి చెబుదామంటే ఫోను ఎత్తనిది, మెట్లు గోదామైతే అద్దె తీసుకుంటూ ఆ మెట్ల మీదే నడిచింది ఎవరో కూడా నిజమే. ఆయనతో నేను మాట్లాడతాను. నా చెవులు పోయాయి, నోరు ఉంది. ఇస్త్రీ బాబాయికి చెప్పు, ఆ మేకులు కొట్టించింది మా నాన్న, ఆయన తరఫున తిట్లన్నీ నేను తీసుకున్నానని. చేతులు నయమయ్యాక ఆయన్ని ఒకసారి చూడాలి.

ఇకనుంచి ఉత్తరంలో ముందు కారణం రాయి. పని సంగతి తరవాత. పేజీలు చాలకపోతే ఇంకో కవరు పెట్టు.

నీ ఉత్తరం చదివాక లేచి నా గది చూసుకున్నాను. నాకూ వెనక తలుపు ఉంది. దాని ముందు నా పుస్తకాల అలమర ఉంది. ఇక్కడికి మారిన రోజు గాలి రాకుండా నేనే పెట్టించాను. కొట్టు అబ్బాయీ నేనూ కలిసి పుస్తకాలన్నీ దించి దాన్ని పక్కకు జరిపాం. గొళ్లెం తుప్పు పట్టి ఉంది, నూనె వేశాం. ఇప్పుడు తెరుచుకుంటోంది. మెట్లు దిగి చూశాను. మోకాలు గొణిగింది, దిగింది.

పిల్లను తీసుకుని వచ్చెయ్యి. మంచం నీకు, బొంగరానికి. నాకు కింద చాప చాలు. చలి బాగానే ఉంది, దుప్పట్లు తెప్పించాను.

ఇక్కడ తలుపులు మూయం.

అమ్మమ్మ